తాడు ముట్టినవాళ్ళ వాటా

రాళ్ళరేవు వాళ్ళకి లాగడం వచ్చు. తెల్లారితే పెద్దవల లాగుతారు. ఒడ్డున తాడు పట్టుకుని, మడమలు ఇసకలో తన్నిపెట్టి, వెనక్కి వెనక్కి నడుస్తూ సముద్రంలోని వలని కొండవైపు తెచ్చుకుంటారు. ఆ తర్వాత తెప్పలు లాగుతారు. గాజువాక నుంచి వచ్చే ఐసు లారీ ఇసకలో దిగబడితే లారీని లాగుతారు. వల ఆలస్యంగా ఒడ్డుకొచ్చి, చేపలు ఏరకముందే పొద్దు కొండ వెనక్కి జారిపోతుంటే, పొద్దుకి కూడా ఓ తాడు వేసి ఆఖరి బుట్ట నిండేదాకా పట్టుకుంటారు. అలాంటి రోజున ఆ ఊళ్ళో దీపాలు పెట్టే వేళ కాస్త వెనక్కి పోతుంది, అంతే. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళు కూడా బస్సు గురించి కంగారుపడరు.

లాగుడికి ఒక్కటే కట్టుబాటు. తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ వాటా ఉంటుంది. చంకలో పిల్లతో వచ్చిన తల్లయినా సరే, దారినపోయే బైరాగి అయినా సరే. ఇవ్వనని వల గల ఆసామి అనకూడదు, వద్దని పుచ్చుకునేవాడూ అనకూడదు. వాటా ముట్టాక ఆ మనిషి ఊరికి అయినవాడే.

ఈ సంగతి ముందుగా ఎందుకు చెప్పాలంటే, కొత్త జెట్టీ కడతామని ఎనభై మూడులో వచ్చిన కంపెనీవాళ్ళకి ఇది తెలీదు. వాళ్ళకి తెలియనివి ఇంకా చాలానే ఉన్నాయి. వాళ్ళ పటంలో కొండ ఉంది, సముద్రం ఉంది, మధ్యలో రాళ్ళరేవు మాత్రం లేదు. వానలు పడేలోగా ఇళ్ళు ఖాళీ చేస్తే పెందుర్తి దాటాక స్థలాలిస్తామని మేనేజరు గారు ఊళ్ళోకొచ్చి చెప్పారు.

"పెందుర్తిలో సముద్రం ఏ పక్కనుంటాది బాబూ?" అని దేముడమ్మ అడిగింది.

మేనేజరు నవ్వాడు. ఆవిడ నిజంగానే అడిగింది. ఆ నవ్వుని దేముడమ్మ మర్చిపోలేదు.

దేముడమ్మ యాభై దాటిన మనిషి. మొగుడు సముద్రం మీద వేటకెళ్ళి తిరిగి రాకపోయినా తాడు దగ్గర ముందు నిలబడేది ఆవిడే. వల పని అయ్యాక గంప నెత్తినెట్టుకుని గాజువాక పోయి చేపలమ్ముతుంది. అక్కడ ఆవిడ ఆఖరి మజిలీ కాంతం స్టూడియో. కాంతం చేపలు కొంటుంది, దేముడమ్మ కాసేపు ఫ్యాను కింద కూర్చుంటుంది.

ఫ్యాక్టరీ ఉద్యోగాలకి గుర్తింపు కార్డులు కావాలి కాబట్టి కాంతానికి చేతినిండా పనే. రోజల్లా మనుషుల్ని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తి, కదలొద్దని చెబుతుంది. సాయంత్రం షట్టరు దించాక ఆవిడకి ఫోటో తియ్యాలనిపించేది మాత్రం పిల్లల కోడిని. పంతుళ్ళు కృత్తికలు అనే చుక్కల గుంపుని ఆవిడ నాన్న అలా పిలిచేవాడు. వరి కళ్ళంలో కూతుర్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని, కోడి వెనక పిల్లలెన్నో చెప్పమనేవాడు. ఆ నాన్న లేడు. గాజువాకలో దీపాలూ పొగా కమ్మేశాక ఆ కోడీ లేదు.

కాంతం మొగుడు తాతబాబు ఆటోనగర్‌లో లేతు మిషను మీద పనిచేస్తాడు. పాత ఓడల సామాను అమ్మే కొట్లో ఓడ కిటికీ అద్దం ఒకటి దొరికితే తెచ్చాడు. దాన్ని ఇద్దరూ వెనక వసారాలో నీళ్ళూ గరుకు పొడీ వేసి, మార్చి మార్చి నూరారు. నూరగా నూరగా గుంట పడ్డ ఆ అద్దానికి వెండి పూత పెట్టించి, ఇనప గొట్టంలో బిగించి టెలిస్కోపు చేశారు. గొట్టం వీపున, రష్యా ఓడ నావికుడి దగ్గర కొన్న కెమెరాని కట్టారు. చుక్కలు పడమటికి జారిపోతుంటాయి గదా, వాటి వెంబడే గొట్టాన్ని తిప్పడానికి తాతబాబు ఓ పళ్ళచక్రం, చేతిపిడీ కోశాడు. పిడి ఎంత మెల్లగా తిప్పినా చక్రం కుదుపుతూనే ఉండేది. ఫోటోలో ప్రతి చుక్కా గీతై కూర్చునేది.

గాజువాక ఫోటోగ్రాఫర్ల సంఘంలో ఓ పెద్దాయన ఆ ఫోటో చూసి, "చుక్కలా తల్లీ ఇవి, వాన పడుతోందా?" అన్నాడు. అందరూ నవ్వారు. కాంతం ఫోటో తీసుకుని సంచీలో పెట్టుకుని, వచ్చే ఏడాది కూడా నవ్వడానికి కాస్త దాచుకోమని చెప్పి వచ్చేసింది.

ఆ ఫోటో దేముడమ్మ కూడా చూసింది.

"సుక్కల్ని ఫోటో తియ్యడమేటమ్మా? ఆటికీ ఉజ్జోగాలొచ్చినాయేటి?"

"నాకోసమే పిన్నీ. మా నాన్న సూపించిన కోడిని ఓపాలి కాయితం మీద సూసుకోవాలని."

"అయితే మా పెరట్లోకి తెచ్చుకో. మా కాడ సీకటి సిక్కగా ఉంటాది. కంపెనీ దీపాలెట్టీలోపు రా. ఆళ్ళొచ్చినాక నా పెరడూ ఉండదు, నీ సీకటీ ఉండదు."

శివరాత్రి వెళ్ళిన వారం, ఓ సాయంత్రం కాంతం, తాతబాబు టెలిస్కోపుని రిక్షాబండి మీద కట్టుకుని రాళ్ళరేవు చేరారు. దేముడమ్మ పెరట్లో ఒక కొబ్బరిచెట్టు, ఎండుచేపల పందిరి, ఆ తర్వాత సముద్రం. గాలి లేదు. చీకటి పడీ పడగానే కోడి, దాని చుట్టూ పిల్లలూ తేటగా కనిపించాయి. కాంతానికి ఏడుపొచ్చినంత పనైంది.

ఊరు ఊరంతా చూడ్డానికి వచ్చింది. కంపెనీ సర్వేయరు శ్రీరామ్మూర్తి కూడా వచ్చాడు. ఆయన పక్షం రోజులుగా ఊరి చుట్టూ సున్నం కొట్టిన రాళ్ళు పాతిస్తున్నాడు. అయినా దాహమేస్తే దేముడమ్మ గుమ్మంలోకే వస్తాడు, ఆవిడా చెంబు చేతికిస్తుంది. నీళ్ళ దగ్గర పగ చూపించడం ఆవిడకి చేతకాదు.

కాంతం కెమెరా తెరిచిందో లేదో గొట్టంలో కటుక్కుమంది. తాతబాబు లాంతరు పెట్టి చూశాడు. చక్రం పన్ను ఒకటి విరిగి రెండు పళ్ళ మధ్య ఇరుక్కుపోయింది. పిడి కదలడం లేదు, గొట్టమూ కదలడం లేదు.

"ఇక అవదు. ఎల్లిపోదాం పద," అన్నాడు.

"నానెల్లను," అంది కాంతం. "పిన్నీ, గొట్టానికి ఓ తాడు కట్టించు. జారిపోతన్న కోడి ఎనకాలే గొట్టం ఎల్లాల. మెల్లగా లాగితే సాలు."

దేముడమ్మ ఒక్క కేక వేసింది. వల తాడు వచ్చింది. గొట్టం మూతికి ముడిపడింది. రెండో కేకకి జనం తాడందుకుని, కొండవైపు నడవాల్సినవాళ్ళు కాస్తా సముద్రంవైపు నడిచారు. కాంతం గొట్టానికి కన్ను ఆనించి ఉంది, చూడలేదు. తాతబాబు చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"అటు కాదమ్మా, ఇటు! కోడి కొండవైపు జారుతంది గదా, గొట్టం కూడా అటే ఎల్లాల!"

"జారిపోయేదాని ఎనకాల పరిగెడతారేటి బాబూ?" అంది దేముడమ్మ. "ఎనక్కి లాగాల గానీ."

ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళకి ఇంకో ఆలోచన రాదు. ఇన్నేళ్ళూ సముద్రాన్ని కొండవైపు లాగినవాళ్ళు, ఆ సాయంత్రం వీపులు సముద్రంవైపు పెట్టి, పాదాలు కెరటాల్లోకి పోయేదాకా వెనక్కి నడిచారు. "హైలెస్సా" అని దేముడమ్మ అంటే మిగతావాళ్ళు అందుకున్నారు. బిగుసుకుపోయిన గొట్టం అంగుళం కదల్లేదు. తాడు మాత్రం వస్తోంది, నిండు వల వచ్చినట్టు బరువుగా. అందరికంటే పెద్దావిడ ముసలమ్మ చేతుల్లోంచి తాడు జారబోయింది. పక్కనే నిలబడి చూస్తున్న శ్రీరామ్మూర్తి ఆవిడ పడిపోతుందని గబుక్కున తాడు పట్టుకున్నాడు.

కాంతం కంటి ముందు, గొట్టంలో అడ్డంగా కట్టిన దారపు గుర్తు దాటి ఎప్పుడో వెళ్ళిపోయిన చుక్క మెల్లగా వెనక్కి వచ్చింది.

"వస్తంది... ఇంకాస్త... ఆ, సాలు! అలగే పట్టుండండి!"

కాంతం కెమెరా మళ్ళీ తెరిచాక, అన్నం ఉడికేంత సేపు పట్టుకున్నారు. అంతసేపూ చుక్క గుర్తు మీదే ఉంది. కాంతం కెమెరా కన్నుకి మూత పెట్టి, "అయిపోయింది" అన్నాకే మెల్లమెల్లగా వదిలారు.

"మరి వాటాలేవమ్మా?" అన్నాడు ఎవరో, అరచేతులు ఊదుకుంటూ.

"ఫోటో ఇంకా కడగాల."

"సూసినావా, వల ఒడ్డుకొచ్చినాక కూడా వాటా రేపంట," అని అందరూ నవ్వుకుంటూ ఇళ్ళకి పోయారు.

స్టూడియో వెనక చీకటిగదిలో, మందునీళ్ళ పళ్ళెంలో, కోడి కాగితం మీదికి వచ్చింది. ఒక్క గీత లేదు. చుక్కలన్నీ సూది మొనతో పొడిచినట్టు ఉన్నాయి. నాన్న లెక్కపెట్టమన్న పిల్లలున్నాయి, కంటికి ఎప్పుడూ ఆనని పిల్లలు వాటి వెనక ఇంకా ఉన్నాయి. మూల నుంచి తొంగి చూసిన కొబ్బరి మట్ట కూడా ఆకు ఆకునా స్పష్టంగా ఉంది. కాంతం ఆ మట్టవైపు చాలాసేపు చూసింది. చుక్కల వెంట గొట్టం తిరిగితే చెట్టు చెదిరిపోవాలి. చెట్టు నిలబడితే చుక్కలు గీతలైపోవాలి. ఇక్కడ రెండూ నిలబడ్డాయి.

"లాగింది ఆళ్ళు గదా, అలగే వస్తాది," అని తాతబాబు అన్నానికి కూర్చున్నాడు.

తాడు ముట్టిన ప్రతివాళ్ళకీ ఒక ఫోటో చొప్పున కాంతం పంచింది. ఆదివారం షాపు మూసి ఇంటింటికీ వెళ్ళి ఇచ్చింది. శ్రీరామ్మూర్తి వాటా దేముడమ్మ ఇచ్చింది.

"నాకెందుకమ్మా, ముసలామె పడిపోతుందని పట్టుకున్నానంతే."

"పట్టుకున్నావు గదా."

ఆయన రెండు చేతులా తీసుకున్నాడు. దేముడమ్మ చెంబుతో నీళ్ళిచ్చి, ఆయన తాగేదాకా ఆగింది.

"ఈ రాళ్ళే ఖాయమా బాబూ?"

"ఇవి పటం చూసి పాతినవి. అసలు గీత ఎల్లుండి సాయంత్రం గీస్తాను. ఈ కొండ దగ్గర దిక్సూచి ముల్లు నిలవదు. అందుకని కొండ నడుం మీద సర్వే రాయి దగ్గర కూర్చుని, మీ కోడి పక్కన ఎర్ర చుక్క ఉంది చూడండి, దాన్ని పట్టి దిక్కు ఖాయం చేసుకోవాలి. గీతకి అవతల పడింది కంపెనీది, ఇవతల పడింది కాదు."

"సుక్క కాసింత జరిగితే?"

శ్రీరామ్మూర్తి ఖాళీ చెంబు అరుగు మీద పెట్టాడు. "చుక్క జానెడు జరిగితే గీత ఊరవతలికి పోతుంది. చుక్క ఎక్కడుంటే అక్కడే గీత, అమ్మా. నా కంటికి కనబడిందే నేను రాస్తాను. నా ఉద్యోగం అంతే."

ఆ రాత్రి ఊళ్ళో అందరూ ఒప్పుకున్నారని కాదు. పోలీసులొస్తారని ఒకరన్నారు. పెందుర్తి దాటాక ఇచ్చే స్థలం కూడా పోతుందని ఇంకొకరన్నారు. దేముడమ్మ అందరిదీ విని ఒక్క మాటే అడిగింది.

"మన సముద్రాన్ని మనం లాక్కుంటే తప్పు లేదు గదా. మన నెత్తి మీదున్న ఆకాశాన్ని లాక్కుంటే తప్పొచ్చిందేటి?"

ఎల్లుండికి వలలకి సెలవు ప్రకటించి తాళ్ళకి నూనె పట్టించారు.

కాంతానికి కబురొచ్చింది. తాతబాబు విరిగిన పన్ను బాగుచేస్తానంటే ఆవిడే వద్దంది. గొట్టం బిగిసి ఉంటేనే పని. ఆ సాయంత్రం కంటితో చూసి చెప్పడమే తన వంతని వెళ్ళింది గానీ, అలవాటు ఎక్కడికి పోతుంది, కెమెరాని కూడా సిద్ధంగా పెట్టుకుంది.

కొండ నడుం మీద శ్రీరామ్మూర్తి లాంతరు వెలిగింది. ఆయన పక్కన మేనేజరు కూడా ఉన్నాడు. కింద దేముడమ్మ "హైలెస్సా" అంది. ఈసారి ఊళ్ళో ఇంట్లో మిగిలిన మనిషి లేడు. తాడు పెరట్లోంచి ఇసక మీదుగా కెరటాల దాకా సాగింది. కోడి కదిలింది. దాంతో ఎర్ర చుక్కా కదిలింది. జానెడు రావాలి, బెత్తెడే వచ్చింది. అక్కడ ఆగిపోయింది. వలకైతే ఒడ్డొస్తుంది, పొద్దుకైతే చేపలు ఏరడం అయిపోతుంది. పట్టుకున్న కొద్దీ బరువెక్కే ఈ ఆకాశానికి ఒడ్డెక్కడో ఎవరికీ తెలీదు. అరచేతులు చీరుకుపోతున్నాయి.

"పిన్నీ, జారతంది!" అని కాంతం అరిచింది. "ఎనక్కి పోతంది!"

"జారనీకండే!" అంది దేముడమ్మ. "ఇది జారితే పొయ్యీ జారిపోద్ది, గుమ్మం జారిపోద్ది. నా మొగుడు ఇంటికొస్తే దారి తెలీదు నాయినా! పట్టండి!"

ఆ మాటకి ఏడుస్తూ లాగారు. తిట్టుకుంటూ లాగారు. చుక్క జారడం ఆగింది, రావడం మాత్రం లేదు. అది నిలబడ్డ ఆ కాస్తలోనే కాంతం కెమెరా తెరిచేసింది.

ఆ కేకలకి మేనేజరు కొండ దిగి జీపెక్కాడు. ఒడ్డమ్మటే పోనిచ్చి తాడు చివరకొచ్చి, కెరటాల్లోకి బూట్లతోనే దూకాడు. అక్రమమన్నాడు, అరెస్టన్నాడు, తాడు వదలమన్నాడు. ఎవరూ తలైనా తిప్పలేదు. ఆయనకి ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ చేతుల్లోంచి లాగేద్దామని తాడు చివర మనుషుల మధ్య దూరి రెండు చేతులా పట్టుకుని, ఉన్న బలమంతా పెట్టి ఒక్క గుంజు గుంజాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మూడు పూటలా నెయ్యి వేసుకుని తింటాడు. ఆయన నిలబడింది సముద్రంవైపు. గుంజింది కూడా సముద్రంవైపే.

ఆకాశం జానెడుకి తగ్గిన మేరా ఊడొచ్చింది.

"వచ్చింది!" అని కాంతం కేక పెట్టింది. "పట్టుండండి, పట్టుండండి!"

మేనేజరుకి అర్థమయ్యేలోపు చేతులు తాడుకి అతుక్కుపోయాయి. ముందూ వెనకా జనం బిగించి పట్టుకున్నాక మధ్యలో మనిషి వదలాలన్నా కుదరదు. అప్పుడే కొండ మీద లాంతరు మూడుసార్లు ఊగింది. గీత అయిపోయిందని దానర్థం.

మర్నాడు కూలీలు సున్నం రాళ్ళు పెకలించి, కొత్త గీత ప్రకారం ఊరికి అవతల బండల్లో పాతారు. జెట్టీ ఆ బండలు దాటాక కట్టుకోవాలి. మేనేజరు శ్రీరామ్మూర్తిని పిలిపించి, గీత తప్పని పైవాళ్ళకి రాయమన్నాడు.

"రాస్తాను సార్. జాలర్లు ఆకాశం లాగారని రాస్తాను. ఆఖర్న ఎవరు లాగారో కూడా రాయాలి మరి."

మేనేజరు ఆ కాగితం రాయించలేదు.

వారం తిరక్కుండా దేముడమ్మ చేపల గంపతో కంపెనీ ఆఫీసుకి వెళ్ళింది. బంట్రోతు ఆపబోతే, సారుగారి వాటా తెచ్చానంది. గంపలోంచి పేపరు చుట్ట తీసి బల్ల మీద విప్పి పెట్టింది. ఆ సాయంత్రం కాంతం తీసిన ఫోటో అది.

"ఏమిటిది?"

"నీ వాటా బాబూ. తాడు ముట్టినావు గదా."

"నాకొద్దు. తీసుకుపో."

"వద్దనకూడదు. మా కట్టుబాటు." దేముడమ్మ చేపల వాసన వేస్తున్న వేలు ఫోటో మీద పెట్టింది. "ఇటు సూడు. ఇది కోడి. ఇయి పిల్లలు. పెతీ పిల్లకీ సిన్న తోకుంది, అవుపడతందా? మేం పట్టుకున్నంతసేపూ సుక్కలు సుక్కల్లాగే ఉన్నాయి. ఈ తోకలు మావి కావు. ఇది నువ్వు గుంజిన గుంజుడు."

మేనేజరు చూశాడు. తోకలన్నీ ఒకే పొడుగున, ఒకే వైపుకి ఉన్నాయి. ఫోటోని బోర్లా తిప్పాడు. మళ్ళీ వెల్లకిలా పెట్టాడు.

"ఈసారికి సరే," అన్నాడు. ఆయన గొంతులో ఇంకా కోపం ఉంది. "మేం మళ్ళీ వస్తాం. ఆ ఊరు ఖాళీ చేయించకుండా వదలం."

"రండి బాబూ," అంది దేముడమ్మ, గంప నెత్తికెత్తుకుంటూ. "ఈపాలి మొదట్నించీ తాడట్టుకుందురు గాని. వచ్చీటప్పుడు ఆ బూట్లు ఇప్పీసి రా. ఇసకలో మడం ఆనదు."

ఆఫీసు మెట్లు దిగి, గేటు దాటకముందే, "సేపలమ్మా సేపలు" అని అరుచుకుంటూ గాజువాక రోడ్డు పట్టింది.